నొప్పికి ఒక గడి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా పెద్దమ్మకు 79 ఏళ్ళు. మల్కాజిగిరి వైపున్న ఒక వృద్ధాశ్రమంలో ఉంటోంది. ఆదివారాలు వెళ్ళి చూసి వస్తుంటాను.

మొన్న వేసవిలో ఆమె రాత్రి భోజనానికి రావడం మానేసింది. ఆశ్రమం రిజిస్టరులో ‘ఆకలి లేదు’ అని రాశారు. తీరా వెళ్ళి చూస్తే, దిండు కింద మధ్యాహ్నం దాచుకున్న అరటిపండు, రెండు బిస్కెట్లు ఉన్నాయి. భోజనాల గది కింద ఉంది, పద్నాలుగు మెట్లు. పగలు ఒకసారి దిగి ఎక్కేసరికే మోకాళ్ళు పట్టేస్తున్నాయట.

‘‘చెప్పలేదేం పెద్దమ్మా?’’ అన్నాను.

‘‘చెబితే, ఈ వయసులో ఉండవా మరి అంటారు.’’

రిజిస్టరు వెనక్కి తిరగేశాను. బీపీకి గడి ఉంది, షుగరుకు ఉంది, బరువుకు ఉంది. నొప్పికి లేదు.

పక్క గదిలో మతిమరపు ముదిరిన పెద్దాయన ఒకరున్నారు. పక్కకు ఒత్తిగిలించబోతే ఆయాల చేతులు రక్కేవారు. మొండివాడని పేరు పెట్టి నిద్రమాత్రలు వేశారు. ఎప్పటికో ఎక్స్‌రే తీయిస్తే తుంటి ఎముక విరిగి ఉంది. నోటితో చెప్పలేనివారి ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి తీరు చూసి, ఓదారిస్తే నెమ్మదిస్తున్నారో లేదో గమనించి, నొప్పికి పదికి ఇన్నని మార్కులు వేసే పద్ధతి 2003 నుంచీ ఉంది. దానికి యంత్రాలతో పని లేదు, కొన్ని నిమిషాలు మంచం పక్కన నిలబడే మనిషి చాలు.

ఆస్పత్రికి తీసుకువెళ్ళవచ్చు కదా అంటారేమో. ఒకరి వెంట ఒక ఆయా వెళితే ఆ రోజంతా మిగిలిన ఇరవై మందికీ ఒక్కరే దిక్కు. అందుకే నేను ఆశ్రమాన్నీ పూర్తిగా తప్పుపట్టలేను. వాళ్ళు మందుల షాపు నుంచి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు తెప్పిస్తారు. ఆ పూటకు హాయిగా ఉంటుంది. ముసలి ఒంటికి అదే పనిగా వాడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అంతదాకా వస్తే మాత్రం అంబులెన్సు వస్తుంది.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా ఉంది. సంతోషమే. కానీ మా పెద్దమ్మకు కావలసింది ఆస్పత్రిలో మంచం కాదు. మోకాళ్ళకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు, నెలకోసారి మందుల చీటీ సరిచూసే డాక్టరు. ఆ కార్డులు ఇంత చిన్న అవసరానికి అక్కరకు రావు. 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం ఆస్పత్రుల్లో వృద్ధులకు వేరే వరస ఉండాలంది. వరస దాకా నడవగలిగితే కదా!

నగరంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. అక్కడి డాక్టరో నర్సో పదిహేను రోజులకు ఒక పూట తమ పరిధిలోని ఆశ్రమాలకు వెళ్ళేలా ఉత్తర్వు ఇవ్వండి. రిజిస్టరులో నొప్పి గడి తప్పనిసరి చేయండి. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పిని, బాధను తగ్గించే ఉపశమన వైద్యం తెలిసినవారున్నారు, ఆయాలకు వారితో నేర్పించవచ్చు.

నేను గొడవపడ్డాక మా పెద్దమ్మను కింది గదికి మార్చారు. ఆ గదిలో ఉన్నావిడను పైకి పంపారు. పోయిన ఆదివారం ఆవిడ భోజనానికి దిగలేదు.

ఇట్లు,
ఆశ్రమంలో ఉంటున్న ఒక పెద్దావిడ బంధువు,
హైదరాబాద్