ఉప్పునీటి తొట్టెకు మంచినీటి ఏర్పాటు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో ఇంట్లో చిన్న పగడాల అక్వేరియం పెంచేవారికి అసలు పరీక్ష ఎండాకాలమే. వేడి 40 డిగ్రీలు దాటిన రోజుల్లో తొట్టెను చల్లబరచడానికి పెట్టిన ఫ్యానే నీటిని మరింత ఆవిరి చేస్తుంది. నీరు పోయి ఉప్పు మిగులుతుంది. 60 లీటర్ల తొట్టెలో రెండు లీటర్లు తగ్గితే, లీటరుకు సుమారు 35 గ్రాములు ఉండవలసిన లవణీయత (నీటిలోని ఉప్పు పాలు) 36 దాటుతుంది. అప్పుడు పోయవలసింది ఉప్పునీరు కాదు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నాకు దగ్గరగా చూపే శుద్ధజలం. వంటింటి ఆర్ఓ నీటిలో మిగిలే లవణాలు తొట్టెలో పేరుకుంటూ పోతాయి.

ఈ నీరు దానంతటదే చేరే ఏర్పాటును ఫ్లోట్ స్విచ్ (నీటిపై తేలే బెండుతో పనిచేసే స్విచ్), రిలే (చిన్న కరెంటు సంకేతంతో పంపును నడిపే, ఆపే స్విచ్), అడాప్టరుతో నడిచే 12 వోల్టుల పంపు, మూత ఉన్న డబ్బాతో ఇంట్లోనే చేసుకోవచ్చు. మట్టం దిగగానే బెండు వాలి పంపు నడుస్తుంది, లేవగానే ఆగుతుంది. అయితే బెండు పైకి లేవకుండా నత్త అడ్డుపడినా, ఉప్పు పేరుకున్నా పంపు సకాలంలో ఆగకపోవచ్చు కనుక, కాస్త ఎత్తున రెండో స్విచ్‌ను సిరీస్‌లో, అంటే రెండింటిలో ఏది ఆపినా పంపు ఆగేలా, కలపడం తప్పనిసరని నా దృఢాభిప్రాయం. డబ్బా రెండు మూడు లీటర్లకు మించకపోతే, అదంతా ఒక్కసారి తొట్టెలో పడినా పగడాలు తట్టుకునే అవకాశం ఎక్కువ. గొట్టం కొస నీటిలో మునగకూడదు. మునిగితే పంపు ఆగాక ఉప్పునీరు కిందనున్న డబ్బాలోకి జారిపోతుంది.

అక్వేరియం దుకాణదారులు ఈ జాగ్రత్తలను కొనేవారికి ముందే చెప్పాలనీ, తమ పత్రిక వేసవిలోపే వైరింగు బొమ్మతో ఒక వ్యాసం ప్రచురించాలనీ కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ