ఇంటి వస్తువుల చిత్రకళకు తిరుపతిలో చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పాత చీరల ముక్కలు, ఉత్తరాలు, ఫొటోలు, అరిగిన గరిటెలు వంటివాటిని రంగులతో కలిపి, ఇంటి బతుకునూ మనుషుల మధ్య అనుబంధాలనూ చూపే మిశ్రమ మాధ్యమ కళను మన ఊళ్లో చాలామంది పరాయి పోకడగానే భావిస్తున్నారు. స్పెయిన్ చిత్రకారుడు పికాసో 1912లో కుర్చీ అల్లిక ముద్రించిన గుడ్డను చిత్రంలో అతికించి, చుట్టూ తాడు బిగించిన మాట నిజమే. అయితే మన శ్రీకాళహస్తి కలంకారీలో నూలుగుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి, బెల్లం నీటిలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన కసిమితో నల్లగీతలు గీస్తారు. పాలూ బెల్లమూ వంటింటివే కదా! అవ్వలు నేత చీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంతల్లో ఏ ముక్క ఎవరి చీరదో గుర్తుపట్టి చెప్పుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నా దృష్టిలో అదీ చిత్రకళే, ఆ కుటుంబపు చరిత్రే.

కాబట్టి గృహిణులు, కలంకారీ కళాకారులు, చిత్రకళ విద్యార్థులు కలిసి పనిచేసేందుకు నగరపాలక సంస్థ ఏటా కొన్ని రోజులైనా ఒక హాలును ఉచితంగా కేటాయించాలి. ప్రదర్శించే ప్రతి చిత్రం కింద, అందులోని వస్తువు ఎవరి ఇంట్లో ఎలా వాడినదో తెలుగులో రాసి పెట్టాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తిరుపతి