కొత్త చట్టానికి ముందు ఒక సర్క్యులర్: హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోంమంత్రి గారికి,

విద్వేష ప్రసంగాలకు కళ్లెం వేసే ప్రత్యేక చట్టం కావాలని కొందరు, అదే వస్తే విమర్శించేవాళ్ల నోరు నొక్కేస్తారని మరికొందరు అంటున్నారు. రెండు భయాల్లోనూ నిజముంది. కానీ నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 196 (వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం), 299 (మత భావాలను కావాలని గాయపరచడం), 353 (అశాంతి రేపే ప్రకటనలు) సెక్షన్లు ఉండనే ఉన్నాయి. చిక్కంతా వాటిని వాడే తీరులో ఉంది.

ముందు పోలీస్ స్టేషన్ బాధ్యుడైన ఎస్‌హెచ్‌ఓ ఇబ్బంది చూడండి. ఫిర్యాదు లేకున్నా కేసు కట్టాలని, లేదంటే కోర్టు ధిక్కారమవుతుందని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మాటలు, రాతల మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో ముందు ప్రాథమిక విచారణ జరపడమే తగినదని 2025 మార్చి 28న అదే కోర్టు చెప్పింది. ఈ రెండింటినీ కలిపి చదివి చెప్పేవాళ్లు లేక, ఒత్తిడి ఎటు ఎక్కువుంటే స్టేషన్ అటు మొగ్గుతోంది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని సెక్షన్ 173(3) కింద డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో విచారణ ముగించవచ్చు. నేరం కళ్లకు కట్టినట్టుంటే వెంటనే ఎఫ్‌ఐఆర్, సందేహముంటే ఈ 14 రోజులు అని సర్క్యులర్‌లో స్పష్టంగా రాయించండి.

ఆ విచారణలో ఏం చూడాలి? ఒక ఆచారాన్ని ఎగతాళి చేయడం వేరు, ఫలానా వీధిలో వాళ్ల ఇళ్ల మీద రేపు పడదాం రమ్మనడం వేరు. మాట్లాడిందెవరు, ఎదుట ఎవరున్నారు, ఊళ్లో అప్పటికే ఉద్రిక్తత ఉందా అన్నవి కాగితం మీదికి రావాలి. 196కు కనీసం రెండు వర్గాల ప్రస్తావన ఉండాలని 1997లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది (అప్పట్లో అది ఐపీసీ 153ఏ). ప్రభుత్వం మతమూ కాదు, కులమూ కాదు. దాన్ని తిట్టినందుకు 196 పెట్టడం కుదరదు.

అసలు దోషులు తప్పించుకునేది సాక్ష్యం దగ్గర. వాట్సాప్‌లో తిరిగిన పది సెకన్ల ముక్కతో కేసు నిలబడదు. ప్రసంగం మొత్తం కావాలి. లింకు, అప్‌లోడ్ చేసిన ఖాతా, తేదీ, సమయం పంచనామాలో ఉండాలి. ఫైలు చేతికొచ్చిన రోజే హాష్ విలువ (ఫైలు మారితే పట్టిచ్చే డిజిటల్ వేలిముద్ర లాంటిది) నమోదు చేయాలి. కోర్టులో సాక్ష్యాల నియమాలు చెప్పే భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రంలో రెండు భాగాలుంటాయి: ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లది, రెండోది నిపుణుడిది. రెండోదాన్ని వదిలేస్తే కోర్టు విచారణలో వీడియో చెల్లుబాటే ప్రశ్నార్థకమవుతుంది.

ఆ తర్వాత బంతి మీ శాఖ చేతిలోనే ఉంటుంది. నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 217 ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే కోర్టు ఈ నేరాలను విచారణకు స్వీకరించదు. ప్రభుత్వోద్యోగుల విషయంలో 218వ సెక్షన్ 120 రోజుల గడువు పెట్టింది, అది దాటితే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 217లో గడువే లేదు. సొంత పార్టీ వాళ్ల ఫైలు కదలదన్న అనుమానం పుట్టేది ఇక్కడే. గడువు పెట్టండి. అయితే అది దాటితే అనుమతి ఇచ్చినట్టే అనే నియమం మాత్రం వద్దు, ఫైలు ఆలస్యమైందని మనిషిని బోనెక్కించకూడదు. ఇచ్చినా, నిరాకరించినా కారణాలు రాసి వెబ్‌సైట్‌లో పెట్టండి.

కొత్త బిల్లు తేవాలనే అనుకుంటే గరిష్ఠ శిక్షను ఏడేళ్ల లోపే ఉంచండి. ఏడేళ్లకు చేరిందంటే 173(3) వర్తించదు, ఆ 14 రోజుల వడపోత పోతుంది.

ఇట్లు,
క్రిమినల్ కేసులు వాదించే కొందరు న్యాయవాదులు