ఐదో వంతేగా అనుకోవద్దు

సంపాదకుడు గారికి,

మా అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే అక్కడి తీవ్ర మితవాద (ఫార్ రైట్) పార్టీ ఏఎఫ్‌డీ 20.8 శాతం ఓట్లతో రెండో స్థానానికి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో టెన్షనే. తెలిసినవాళ్లు ‘ఐదో వంతేగా’ అంటున్నారు. హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, ఆ మాట ఒప్పుకోలేను. నాజీలకు 1928లో వచ్చినవి 2.6 శాతమే. 1932 జులైకి 37 దాటాయి. సొంత మెజారిటీ లేకపోయినా, తమ చెప్పుచేతల్లో ఉంటాడనుకుని మిగతా మితవాద నాయకులే 1933 జనవరిలో హిట్లర్‌ను ఛాన్సలర్‌గా కూర్చోబెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే పార్లమెంటు చట్టాలు చేసే అధికారాన్ని అతని ప్రభుత్వానికి అప్పగించేసింది. కాదని ఓటేసింది సోషల్ డెమోక్రాట్లే. కమ్యూనిస్టు సభ్యులను అసలు సభకే రానివ్వలేదు.

విదేశీ చదువుల పేజీల్లో వీసాలు, ఫీజులతో పాటు ఈ సంగతులూ వివరంగా రాయండి. పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు తెలియాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, సీతమ్మధార, విశాఖపట్నం