అమ్మకు, టార్నీట్ నుంచి

మెల్‌బోర్న్
జూలై, శనివారం రాత్రి

అమ్మా,

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నువ్వు, నాన్న, చిన్నోడు బాగున్నారనుకుంటున్నా. కొత్తగా ఈ ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టేస్తావు. పక్కన నాన్న, వంటింట్లో చిన్నమ్మ, ఒక్కోసారి కింది పోర్షన్ వాళ్లు కూడా ఉంటారు. అంతమంది వింటుంటే కొన్ని మాటలు నోట్లోంచి రావు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నా. ముందు ఒక్కదానివే చదువుకో. తర్వాత నాన్నకి ఎంత వినిపించాలో నీకే తెలుసు.

నాన్న కంటి సంగతి ముందు. ఆపరేషన్ అయి మూడు వారాలు కాలేదు, అప్పుడే బోనాల ఊరేగింపని రామ్‌నగర్ చౌరస్తా దాకా నడిచారట. ఆ పొగ, దుమ్ము, తోపులాట! చుక్కల మందు ఒక్క పూట కూడా మానొద్దన్నారు కదా. నేను తిడితే నవ్వి ఊరుకుంటారు. నువ్వు తిట్టు.

ఇక మొన్న నువ్వన్న మాట. "నువ్వు చెడింది చాలక వాణ్ణి కూడా చెడగొడుతున్నావు" అన్నావు. కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. రాత్రి రెండింటికి లేచి నీళ్లు తాగి, నీకు చెప్పాల్సిన జవాబులన్నీ వంటింట్లో నిలబడి చెప్పుకున్నా. తెల్లారేసరికి వాటిలో సగం పనికిరావని తెలిసింది.

చిన్నోడు ఉద్యోగం మానేసి, నాలాగే కార్లు కడిగి మెరిపించే పని పెట్టుకుంటానని బోడుప్పల్‌లో షెడ్డు వెతుక్కుంటున్నాడంటే అందులో నా చెయ్యి ఉంది. "ఏం కాదురా, మొదలుపెట్టు" అన్నది నేనే. ఈ మధ్య అందరికీ అదే చెబుతున్నా. మా వీధిలో గుంటూరు ఆంటీ ఇడ్లీ పిండి అమ్మాలా వద్దా అని ఆర్నెల్లు ఆలోచించింది. కౌన్సిల్‌లో, అంటే ఇక్కడి మున్సిపాలిటీలో, రిజిస్టర్ చేసుకోవడానికి ఫారం నింపిపెట్టి, "ఏం కాదాంటీ" అన్నా. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం ఆవిడ ఇంటి ముందు కారు ఆపుకోవడానికి చోటుండదు. వరంగల్ పిల్లాడొకడు మాస్టర్స్ చదువుతూ శని, ఆదివారాలు నాతో పనికొస్తాడు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కాలేజీ నడిచేటప్పుడు రెండు వారాలకి 48 గంటలకి మించి పనిచేయకూడదు, 2023 జూలై నుంచి అదే రూలు. గంటలు రాసుకోమని వాడికి చిన్న నోట్‌బుక్ కొనిచ్చా. మొదటిసారి పాలిషింగ్ మెషిన్ చేతికిస్తే పిల్లాడి మోచేతులు వణికాయి. "ఏం కాదురా" అనే అన్నా వాడితోనూ.

అయితే చిన్నోడికి ధైర్యం చెప్పాను గానీ, నాకు ఎలా గడిచిందో చెప్పలేదు. నీకూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా, కంగారు పడకు, అయిపోయిన సంగతే.

మూడేళ్ల కింద "ఉద్యోగం మారుతున్నా" అన్నాను, గుర్తుందా? మారలేదమ్మా, తీసేశారు. నాతోపాటు మరికొంతమందిని. నాలుగు నెలలు తిరిగినా ఏదీ కుదరలేదు. అప్పుడు పక్కింటాయన కారు అమ్ముకోవాలని లోపలంతా శుభ్రం చేసిపెడతావా అని అడిగాడు. వాళ్ల బాబు వెనక సీట్లో ఎప్పుడో పాలు కక్కాడు, ఆ వాసన పోవట్లేదు. సీటు విప్పి, ఎంజైమ్ మందు కొట్టి, రెండు సార్లు నానబెట్టి లాగితే పోయింది. ఆయన 60 డాలర్లు చేతిలో పెట్టాడు. అలా మొదలైంది. ఏబీఎన్ అనే వ్యాపారం నంబరు ఇక్కడ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఇస్తారు. నంబరొచ్చినంత తేలిగ్గా కస్టమర్లు రాలేదు. మొదటి చలికాలం ఒక నెల మొత్తంలో మూడంటే మూడే కార్లు. ఇక్కడ పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం చలిగాలి. వానలో కారు కడిగించుకునేదెవరు? వ్యాన్ కిస్తీ మాత్రం వానకి ఆగదు. నీ కోడలు వృద్ధాశ్రమంలో నైట్ షిఫ్టులు చేసింది ఆ రోజుల్లోనే. "ఊరికే కూర్చోలేక చేస్తోంది" అని నీకు చెప్పా. ఆమె ఒక్కమాట కూడా బయటపెట్టలేదు, నువ్వు ఎన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగినా.

తర్వాత నల్ల కారు. దీన్ని చిన్నోడికి తప్పకుండా చదివి వినిపించు. ఒకాయన తన నల్ల కారు మీద గీతలు పోగొట్టమన్నాడు. డోర్ అంచు దగ్గర మెషిన్ ఒక్క క్షణం ఎక్కువ ఆపాను. కారు రంగంతా కలిపితే మందం 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో పైన మెరిసే పొర 40, 50 మైక్రాన్లు ఉంటుందేమో. తల వెంట్రుక కంటే పలచన. అంచుల దగ్గర ఇంకా తక్కువ. ముందు మాడిన వాసన వచ్చింది. చెయ్యి తీసి చూస్తే రూపాయి బిళ్లంత మేర మెరుపు పోయి బూడిద రంగు తేలింది. ఆయన లోపల ఫోన్లో ఉన్నాడు. దాని మీద మైనం రాసి వెళ్లిపోతే వారం దాకా తెలిసేది కాదు. వెళ్లి చెప్పేశా. ఆయన అరవలేదు, అదే ఇంకా బాధ. ఆ డోర్ మళ్లీ పెయింట్ చేయించడానికి 700 డాలర్లు కట్టాను, ఆ నెల సంపాదన దాంతో సరి. ఇంటికొచ్చి గ్యారేజీలో వ్యాన్‌లోనే కూర్చుండిపోయా. నీ కోడలు టీ తెచ్చి, ఏమీ అడక్కుండా పక్క సీట్లో కూర్చుంది. టీ చల్లారిపోయింది, ఇద్దరం అలాగే తాగాం.

ఇప్పుడు ఫరవాలేదు. నిజంగా. వారానికి ఆరేడు కార్లు వస్తున్నాయి, ఈ చలిలో కూడా.

అన్నట్టు బుజ్జికి పై పళ్లు రెండూ ఊడాయి. చక్రాల మీద బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను అంటుకుని ఉంటుంది. దాని మీద మందు కొడితే ఊదారంగులో కరిగి కారుతుంది. అది చూసి "నాన్నా, కారు నేరేడు పళ్లు తిందా?" అంటుంది, ఆ పళ్లు లేని నోటితో. నేరేడు పళ్లు దీనికెలా తెలుసా అనుకున్నా. పోయిన వేసవిలో నువ్వు వీధిలో బండి మీద కొనిపెట్టావట.

పెళ్లిలో పెద్దనాన్న "బీటెక్ చదివి కార్లు కడుగుతున్నాడట" అన్నాడని విన్నా. అవును, కడుగుతున్నా. కడగడం అందులో మొదటి అరగంట. మిగతా ఐదారు గంటలు ఏం చేస్తానో ఆయన అడిగితే చెప్పేవాణ్ణి. బస్సు డిపోలో పనిచేసిన నాన్న చేతులు చూసి పెరిగినవాణ్ణి నేను. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పెరట్లో కిరసనాయిలు, రంపపు పొట్టు వేసి మోచేతుల దాకా రుద్దుకునేవారు. అయినా గోళ్ల చుట్టూ నలుపు ఉండేది, ఆ చేత్తోనే నా నోట్లో ముద్ద పెట్టేవారు. అప్పుడు ఎవరూ నామోషీ అనలేదే?

పోయిన ఆదివారం ఒక తెలుగు జంట కొత్త కారు తెచ్చారు. కారమ్ డౌన్స్ శివ విష్ణు గుడిలో పూజ చేయించి, రంగు మీద రక్షణగా వేసే సిరామిక్ కోటింగ్ కోసం నేరుగా నా దగ్గరికి వచ్చారు. తెల్ల బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, మధ్యలో కుంకుమ. కోటింగ్ వేయాలంటే బానెట్ మీద ఏ మరకా ఉండకూడదు. నీళ్ల పైపు పట్టుకుని నిలబడ్డా గానీ చెయ్యి లేవలేదు. "మీరే కడగండమ్మా" అని ఆ అమ్మాయికే పైపు ఇచ్చా. గుడ్డతో రుద్దబోతే ఆపాను. ఎండిన కుంకుమని రుద్దితే సన్నటి గీతలు పడతాయి, నురుగు వేసి నాననిస్తే దానంతట అదే జారిపోతుంది. ఎర్రగా జారే నీళ్లు చూస్తూ ఆ అమ్మాయి దండం పెట్టుకుంది. చక్రాల కింద నలిగిన నిమ్మకాయ ముక్క ఒకటి టైరుకి ఇంకా అంటుకునే ఉంది. ఆ వాసనకి దసరా ఆయుధ పూజ రోజు డిపో గుర్తొచ్చింది, నాన్న నన్ను ఎత్తి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టడం కూడా.

చిన్నోడికి ఇవి చెప్పు, నేను ఫోన్లో చెబితే "సరే అన్నా, సరే అన్నా" అని కట్ చేస్తాడు. మెషిన్లు కొనడానికి రాణిగంజ్ వెళ్లేముందు నీళ్లు పరీక్ష చేయించమను. బోడుప్పల్ వైపు బోరు నీళ్లంటే ఎక్కువగా ఉప్పు నీళ్లే. ఎండలో కారు మీద ఆరితే తెల్ల మచ్చలు పడి, మళ్లీ వాటిని పోగొట్టడానికి డబ్బులు తీసుకోవాల్సి వస్తుంది, జనం నవ్వుతారు. చివరిసారి పోసే నీళ్లకి ఫిల్టర్ పెట్టుకోవాలి. సబ్బు నీళ్లకి షెడ్డులోనే గుంట తవ్వించాలి. ఇక్కడైతే వీధి కాలువలోకి వదలనివ్వరు, అది నేరుగా వాగులోకి పోతుంది. అక్కడ అడిగేవాళ్లు లేకపోయినా పక్కింటి వాళ్లుంటారు. జీఎస్టీ గురించి టెన్షన్ వద్దు, ఏడాదికి 20 లక్షలు దాటినప్పటి మాట అది. అక్కడిదాకా వస్తే నేనే టికెట్ కొనుక్కుని వచ్చి పార్టీ ఇస్తా.

ఇంకోటి. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో ఇరవై కార్లు తుడిచే పిల్లలుంటారు కదా. కార్ల మీద గుండ్రటి గీతలు పడేది ఆ మట్టి గుడ్డ వల్లే. అలాగని కస్టమర్ల ముందు వాళ్లని తిట్టొద్దను. వాళ్లలో ఒకణ్ణి పనిలో పెట్టుకుని, రెండు బకెట్లు ఇచ్చి నేర్పమను. ఏ ఫ్లాట్‌లో ఏ కారుందో, ఎవరు డబ్బు సరిగ్గా ఇస్తారో వాడికి తెలిసినంత మనకి తెలీదు. జనం కార్ల మీద మెషిన్ పెట్టేముందు పాత సామాన్ల దుకాణంలో డొక్కు బానెట్ ఒకటి కొని నెల రోజులు దాని మీద తిప్పమను. మాడ్చమను కూడా. ఆ వాసన ఒకసారి చూడాలి వాడు.

చిన్నోణ్ణి మానిపించమని మాత్రం నన్నడగకు. ఆరు నెలలు చూద్దాం. అడ్వాన్స్‌లో సగం నేను పంపిస్తా, నీ కోడలికి తెలిసే.

చలి బాగా ఉంది, పొద్దున 4 డిగ్రీలు. వేళ్లు పగిలితే నువ్వు పంపిన కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తున్నా, గ్లోవ్స్ వేసుకుంటున్నా, అడక్కముందే చెబుతున్నా.

షెడ్డు తెరిచే రోజు నాన్నని తీసుకెళ్లు. గుమ్మడికాయ కొట్టడం, నిమ్మకాయలు పెట్టడం చిన్నోడికి చేతకాదు. నల్లద్దాలు పెట్టుకునే వెళ్లమను, తీయనివ్వకు.

ఉంటా అమ్మా.

నీ పెద్దోడు

ఈ ఉత్తరం పెద్దనాన్నకి చూపించకు. చూపించినా సరే, నీ ఇష్టం.