ఎమ్యులేటర్ నత్తనడక నడుస్తోందా? కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఒక మాట

మా సర్వీస్ సెంటర్‌కు వచ్చే అందరికీ నమస్కారం. ఈ మధ్య చాలామంది ఒకే ఫిర్యాదుతో వస్తున్నారు. "గ్రాఫిక్స్ కార్డు ఉందని ఎక్కువ డబ్బు పోసి కొన్నాం. బ్లూస్టాక్స్‌లో ఆట పెడితే ఆగి ఆగి నడుస్తోంది. కార్డు పాడైందా?" అని అడుగుతున్నారు. బ్లూస్టాక్స్ అంటే ఫోన్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్, అంటే వేరే యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్. ఇంజనీరింగ్ విద్యార్థులు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఎమ్యులేటర్ గురించి ఇదే చెప్పుకుంటున్నారు. ఇకపై దీన్ని చూసి సెట్టింగ్ సరిచేసే పనికి మేము రుసుము తీసుకోం. కారణం ఏమిటంటే, ఇలా వచ్చిన వాటిలో ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో కార్డు బాగానే ఉంటోంది. దానికి పని అప్పగించేవారే లేరు.

ఇలాంటి ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న చిన్నది, రెండోది విడిగా ఉన్న పెద్ద కార్డు. బ్యాటరీ ఆదా కోసం గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్విడియా 2010లో ఆప్టిమస్ అనే పద్ధతి తెచ్చింది. మామూలు పనులన్నీ చిన్న చిప్ చూసుకుంటుంది, బరువైన పని వస్తేనే పెద్ద కార్డు మేలుకుంటుంది. చాలా మోడళ్లలో తెర చిన్న చిప్‌కే కలిపి ఉంటుంది కాబట్టి, పెద్ద కార్డు గీసిన బొమ్మ కూడా దాని ద్వారానే తెరకు చేరుతుంది. ఏది బరువైన పనో డ్రైవర్‌లోని (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌లోని) జాబితా చెప్పాలి, లేదా ఆ ప్రోగ్రామే అడగాలి, లేదా మీరు విండోస్‌కు చెప్పాలి. ఈ మూడూ జరగకపోతే ఎమ్యులేటర్ చిన్న చిప్ మీదే కూర్చుంటుంది.

ఇది మీరే తెలుసుకోవచ్చు. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ చూడండి. మొన్న ఒక అబ్బాయి ల్యాప్‌టాప్‌లో చిన్న చిప్ అయిన ఇంటెల్ గీత పైఅంచును తాకుతోంది. దాని కిందే ఉన్న పెద్ద కార్డు ఆర్‌టీఎక్స్ 3050 గీత మాత్రం సున్నా దగ్గర కదలకుండా ఉంది. అంత ఖరీదైన కార్డు ఖాళీగా ఉంటే చూడటానికి నాకు నిజంగా బాధ వేసింది.

సరిచేయడానికి విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అనే వరుసలో వెళ్లాలి. 2018 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది. అక్కడ ప్రోగ్రామ్‌ను చేర్చి 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకోవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. చాలామంది డెస్క్‌టాప్ మీద కనిపించే పేరును చేర్చి ఊరుకుంటారు. బొమ్మ గీసే ఫైలు వేరే ఉంటుంది. బ్లూస్టాక్స్ 5లో అది హెచ్‌డీ-ప్లేయర్. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎస్‌డీకే ఫోల్డర్ లోపల 'క్యూఈఎంయూ-సిస్టమ్' అని మొదలయ్యే ఫైలు. స్టూడియోను చేర్చితే ఎమ్యులేటర్‌కు ఒరిగేదేమీ లేదు. సరైన ఫైలు చేర్చాక ఎమ్యులేటర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి.

ప్లేస్టేషన్ 2 ఆటల కోసం పీసీఎస్ఎక్స్2, నింటెండో ఆటల కోసం డాల్ఫిన్ అనే ఎమ్యులేటర్లు వాడేవారికి పని ఇంకా తేలిక. బొమ్మ గీసే పద్ధతుల్లో వల్కన్ గానీ డైరెక్ట్3డీ గానీ ఎంచుకుంటే, ఏ కార్డు వాడాలో వాటి సెట్టింగ్స్‌లోనే చెప్పవచ్చు. ఓపెన్‌జీఎల్ అనే మరో పద్ధతికి ఆ వీలు లేదు, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చెప్పాలి.

ఒక్క పని మాత్రం దయచేసి చేయకండి. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి ఇంటెల్ చిప్‌ను ఆపేస్తే పెద్ద కార్డు దానంతట అదే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. తెర దాని మీదే ఆధారపడి ఉన్న మోడల్ అయితే చిప్‌ను ఆపి ఉంచినంతకాలం ఉన్న పెద్ద కార్డు కూడా వాడుకోలేకుండా పోతుంది.

ఇదంతా చేసినా అందరికీ వేగం పెరుగుతుందని మాట ఇవ్వలేను. ఎమ్యులేటర్ వేరే యంత్రం ప్రాసెసర్‌ను అనుకరిస్తుంది కాబట్టి భారంలో పెద్ద వాటా మీ ప్రాసెసర్ మీదే పడుతుంది. ప్లేస్టేషన్ 2 ఆటలకు ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదే ముఖ్యం. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌కైతే బయోస్‌లో (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) వర్చువలైజేషన్, అంటే ఒక కంప్యూటర్‌లో మరో యంత్రాన్ని నడపడానికి ప్రాసెసర్ ఇచ్చే సదుపాయం, ఆన్‌లో ఉందో లేదో ముందు చూడాలి. అది ఆపి ఉంటే ఏ కార్డూ ఆదుకోలేదు. బ్యాటరీ మీద నడిపినా వేగం తగ్గుతుంది, అందుకే మా దగ్గరకు వచ్చేటప్పుడు ఛార్జర్ తప్పకుండా తీసుకురండి.

దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. దాన్ని తీసి పెద్దది వేస్తామని మేము చెప్పం. ర్యామ్ అయితే వేస్తాం గానీ, ఆట నడుస్తుండగా ర్యామ్ నిండిపోతున్నట్టు మీకు చూపించాకే. నిండకపోతే అమ్మం.

సెట్టింగ్ మీ ఎదుటే చేస్తాం, ఏ ఫైలు చేర్చామో కాగితం మీద రాసి ఇస్తాం. దాన్ని దాచుకోండి. విండోస్‌ను మళ్లీ ఎక్కించినా, ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వేరే ఫోల్డర్‌లో చేరినా ఆ ఎంపిక పోతుంది. అప్పుడు ఇంట్లోనే మళ్లీ పెట్టుకోవచ్చు.