మీకిచ్చిన జత ఒక గూటి పిల్లలే

నా దగ్గర చిలకముక్కు కోళ్లు తీసుకున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు. పోయిన వినాయక చవితి నుంచి ఈ సంక్రాంతి లోపల 'జత' అని తీసుకెళ్లినవాళ్లు ముందు ఇది చదవండి. మీకిచ్చిన పుంజు, పెట్ట ఒకే తండ్రి బిడ్డలు. కొన్ని జతలైతే ఒకే గంప కింద పుట్టినవి. వాటిని వాటికే కలిపి పిల్లలు తీయొద్దు. మీరు తీసుకెళ్లేటప్పుడు, కలిపితే బాగానే ఉంటుందని నేనే చెప్పాను. తప్పు నాది.

మొత్తం పదకొండు జతలు. తొమ్మిది మందికి ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరి నంబర్లు కలవడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఇది ఎట్టా జరిగిందో చెప్పాలి. 2021లో తమిళనాడు దిండిగల్ వైపు నుంచి ఒక పుంజును, రెండు పెట్టలను తెచ్చుకున్నాం. అక్కడ వీటిని కిళిమూక్కు విసిరివాల్ అంటారు, అంటే చిలకముక్కు, విసనకర్ర తోక. అసీల్ అనే పందెంకోళ్ల జాతే, కానీ ముక్కు పొట్టిగా కిందికి వంగి ఉంటుంది, తోక నేలమీద జీరాడుతుంది. మా కావలి ఇంట్లో ఆ డేగ (ఎర్ర ఈకల) పుంజును దింపిన పొద్దున వీధిలో సగంమంది గోడ దగ్గర నిలబడి చూశారు. దాని తోక మీద నాకు అంత మోజు పడింది.

అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది. ఒక విడతకు పది, పన్నెండు పెట్టి పొదుగుకు కూచుంటుంది. అందుకే మొదట పుట్టిన పెట్టల్లో బాగున్నవాటిని అమ్మకుండా ఉంచుకున్నా. అవి పెరిగాక వాటి మీదకు బయట పుంజును తేవాల్సింది, అదే పాత పుంజును వదిలాను. అంత తోక ఇంకెక్కడ దొరుకుతుంది, ఆ తోకే పిల్లలకు రావాలి అనే ఆశ. తండ్రికీ కూతురికీ పుట్టిన పిల్లలవి. తర్వాత ఆ పిల్లల్లోనే పుంజును, పెట్టను ఏరి జతలని మీకిచ్చాను.

ఫలితం ఈ కార్తీకంలో కనపడింది. ఏడో రోజు రాత్రి లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు ఆనించి చూస్తాం. బతికున్న గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని ఉంటాయి, నడుమ ఆవగింజంత నల్లచుక్క కదులుతూ ఉంటుంది. ఆ రాత్రి పదకొండు గుడ్లు చూశాను. నాలుగు వట్టివి, వెలుగు ఆ పక్క నుంచి ఈ పక్కకు దూసుకొచ్చింది. మూడింటిలో నరాలు లేవు, నెత్తురు ఉంగరంలా గుండ్రంగా చుట్టుకుని ఆగిపోయి ఉంది. మొదలై చచ్చిపోయాయన్నమాట. మిగిలిన నాలుగులో ఇరవై ఒకటో రోజుకు బయటికొచ్చినవి రెండు. రెండోదానికి పై ముక్కు ఒక పక్కకు, కింది ముక్కు ఇంకో పక్కకు. కత్తెరలా. మెత్తగా నానేసిన నూకలు ఇంకు ఫిల్లర్‌తో పద్దెనిమిది రోజులు పోశాను. దక్కలేదు.

అంతకు ముందు విడతల్లోనూ పిల్లలు తగ్గుతూనే వచ్చాయి. నేను మేత మీద అనుమానపడ్డాను. సజ్జలు మార్చాను, గుల్ల పొడి కలిపాను, పొదిగే నాటుపెట్టను కూడా మార్చాను. పశువుల ఆస్పత్రి డాక్టరుగారికి చెబితే ఆయన మేత సంగతి ఎత్తలేదు, "పుంజు ఎవరిదమ్మా, పెట్ట ఎవరిది?" అని అడిగారు. చెప్పాను. మనుషుల్లో మేనరికానికే పిల్లల గురించి భయపడతాం, నువ్వు తండ్రికి కూతుర్ని కట్టావు అన్నారు. ఒక లోపం పుంజులో పైకి కనపడకుండా దాగి ఉంటే, అదే లోపం కూతురిలోనూ ఉండొచ్చు. ఇద్దరూ కలిస్తే రెండు వైపులా అదే లోపం పిల్లలోకి దిగుతుంది, అప్పుడు బయటపడుతుంది. తండ్రి-కూతురు అయినా, అన్నాచెల్లెళ్లయినా లెక్క ఒకటే, రెండు వైపుల నుంచీ అదే గుణం పిల్లలోకి దిగే అవకాశం 25 శాతం అని కాగితం మీద గీసి చూపించారు. మీరు మీ జతను కలిపితే దాని మీద ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. సంక్రాంతి తర్వాత ఒంగోలు దగ్గర నుంచి, మా కోళ్లతో ఏ చుట్టరికం లేని ఒక కాకి (నల్ల ఈకల) పుంజును తెచ్చాం. ముక్కు బాగుంది. తోక మా డేగంత పొడవు లేదు, ఆ సంగతి ముందే చెబుతున్నా. నెల రోజులు మేడ మీద విడిగా ఉంచి, దాని నీళ్ల గిన్నె కూడా వేరే పెట్టి, ఆ తర్వాతే దొడ్లోకి దింపాను. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ తేలినప్పటి భయం నాకింకా పోలేదు. కొత్త కోడిని తెచ్చిన రోజే మందలో కలపడం మీరూ చేయొద్దు.

ఇకమీదట ప్రతి పిల్ల కాలికీ నంబరు రింగు ఉంటుంది. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ తేదీన పుట్టింది, ఏడో రోజు లసోటా (కొక్కెర తెగులు మొదటి టీకా) చుక్కలు వేశామా, ఆరో వారం మశూచి టీకా, ఎనిమిదో వారం కొక్కెర తెగులు టీకా పడ్డాయా, అన్నీ రాసిన చీటీ పిల్లతోపాటే ఇస్తాను. జత అడిగితే రెండు వేర్వేరు తండ్రుల పిల్లలనే ఇస్తాను. అందువల్ల దసరా దాకా నా దగ్గర జతలు లేవు. రోహిణి కార్తె ఎండల్లో గుడ్లు పొదగేయను, మన దగ్గర ఆ వేడికి సగం మురిగిపోతాయి. అడ్వాన్సు కట్టినవాళ్లు ఆగగలిగితే ఆగండి, లేదంటే డబ్బు తిరిగి పంపిస్తాను.

సంక్రాంతి ముందు పందేనికి పుంజులు కావాలని అడిగేవాళ్లకు ఎప్పటిలాగే లేవనే చెబుతాను. 1960 జంతుహింస నివారణ చట్టం సంగతి అటుంచి, ఈ కోళ్లను నేను అందుకు పెంచలేదు.

ఆ పదకొండు జతలవాళ్లకు: మీ పుంజును తెచ్చిస్తే, కాకి పుంజుకు పుట్టిన పిల్లల్లో ఒక పుంజుపిల్లను పైసా తీసుకోకుండా ఇస్తాను. ఇవి నెమ్మదిగా ఎదుగుతాయి, అది జతకు రావడానికి సంక్రాంతి దాటుతుంది. దాని తల్లి మా పాత నెత్తురుదే, కాబట్టి చుట్టరికం పూర్తిగా పోదు, తగ్గుతుంది. అసలే వద్దనుకుంటే పెట్టను మీరే ఉంచుకుని, బయట పుంజును కొనుక్కోండి, నా పుంజు వెల నేను వెనక్కిస్తాను. మీ దగ్గర ఇప్పటికే గుడ్లు పొదుగులో ఉంటే తీసి పారేయకండి, ఏడో రోజు టార్చి వేసి చూసి నాకు ఫోన్ చేయండి. పుట్టిన పిల్లలను పెంచుకోండి, జతకు మాత్రం వాడకండి.

మార్పిడికి ఆదివారాలు పొద్దున పదింటి లోపు రండి, ఎండెక్కితే కోళ్లు తట్టుకోలేవు. బస్సు పార్సిల్లో వేయొద్దు. పుంజును పొట్టి అట్టపెట్టెలో కుక్కితే తోక ఈకలు విరుగుతాయి, మళ్లీ ఈక రాల్చేదాకా సరిగా రావు. పొడుగాటి తట్టలో గడ్డి పరిచి, తోకను వెనక్కి చాపి, పైన తడిపి పిండిన గోనెసంచి కప్పి తీసుకురండి.